వాన మీద మోపిన నేరం

మన సాహిత్యంలో వానకి రెండు ముఖాలున్నాయి. ఒకటి రైతు ఎదురుచూసే చినుకు, రెండవది ఊళ్లను ముంచే వరద. కరుణించినా కాటు వేసినా అది ప్రకృతి చేసే పనే. దాని వెనుక యజమాని కనిపించడు, లాభనష్టాల ఖాతా కనిపించదు. కాని గనులున్న చోట వానకి మూడవ ముఖం కూడా ఉంది. కొండను తవ్వి బయట పోసిన రాతిగుట్టల మీద పడిన చినుకు దిగువకు చేరేసరికి ఒట్టి నీరుగా మిగలదు. రాగిని, సీసాన్ని, కాడ్మియాన్ని, ఆర్సెనిక్‌ని మోసుకుపోయే బండి అవుతుంది. ఆ నీరు పారిన చోట వరి ఎండినా, పసివాడి మెదడు మందగించినా, రికార్డుల్లో పడే మాట మాత్రం చాలాసార్లు ఒకటే: వరద నష్టం.

వాన నీరు లోహవిషాన్ని ఎలా మోస్తుందో చెప్పటం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఆ విషానికి ప్రజలు పెట్టుకున్న పేరును తుడిచివేసి, నేరాన్ని వాన మీదికి ఎలా నెట్టవచ్చునో చూపటం రెండవది. ఈ రెండూ ఒకే చోట స్పష్టంగా కనిపించే చరిత్ర జపాన్‌లోని ఆషియో రాగి గనిది. ఆ చరిత్రలో రచయితలు, పత్రికా రచయితలు గట్టున నిలబడి చూసినవాళ్లు కారు. అందులో దిగినవాళ్లు. మనం దాన్ని చదవవలసింది అందుకే.

రాయి నీటిలోకి ఎలా దిగుతుంది

భూగర్భంలో ఉన్నంతకాలం రాగి ఖనిజం ఎవరికీ హాని చెయ్యదు. అక్కడ గాలి లేదు. రాగి, ఇనుము, గంధకం ఒకదానితో ఒకటి కట్టుబడి రాయిగా ఉంటాయి. వాటి పక్కనే ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలూ, జింకు ఖనిజాన్ని అంటిపెట్టుకుని కాడ్మియమూ ఉంటాయి. (ఆర్సెనిక్ శాస్త్రరీత్యా అర్ధలోహమే అయినా, చేసే హానిని బట్టి దాన్ని ఈ జాబితాలోనే చేరుస్తారు.) గని తవ్వకం అంటే ఈ రాతిని గాలిలోకి తీసుకురావటం. పైగా పిండి కొట్టి తీసుకురావటం. బండగా ఉన్నప్పుడు గాలి తగిలే పైభాగం కొద్దిగానే ఉంటుంది. అదే బండను పిండి చేస్తే ప్రతి రేణువుకీ గాలి తగులుతుంది, నీరు తగులుతుంది.

అప్పుడు ఇనుప గంధకం ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి గంధకికామ్లాన్ని పుట్టిస్తుంది. ఇది మెల్లగా సాగే చర్య. అయితే ఇనుమును ఆక్సీకరించి బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. ఆమ్లం పెరిగేకొద్దీ అవి విజృంభిస్తాయి, చర్య ఎన్నో రెట్లు వేగమవుతుంది. ఆమ్లంలో రాగి, జింకు, కాడ్మియం కరుగుతాయి. ఇలా ఒకసారి మొదలైన చర్యకు గని మూసివేత ఉత్తర్వుతో పని లేదు. గాలి, నీరు, గంధకం ఉన్నంతకాలం అది జరుగుతూనే ఉంటుంది.

వేసవిలో ఈ చర్య కంటికి కనిపించే రూపం తీసుకుంటుంది. గుట్టల పైన తెల్లగా, పచ్చగా, నీలంగా ఉప్పు పూసినట్టు పొర కడుతుంది. అవి లోహాల లవణాలు. తొలకరి పడగానే ఆ పొర అంతా ఒక్కసారిగా కరిగి వాగులోకి దిగుతుంది. అందుకే వానాకాలం మధ్యలో తీసిన నీటికంటె తొలివాన నీటిలో విషం ఎక్కువగా ఉంటుంది. ఏడాది మొత్తానికి సగటు కట్టి చూపిస్తే ఆ తొలిపోటు లెక్కలో కలిసిపోతుంది. కాని పైరు సగటు నీటిని తాగదు. ఆ రోజు పారిన నీటినే తాగుతుంది.

మరొక సంగతి కూడా గమనించాలి. ఆమ్లజలం పెద్ద నదిలో కలిసినప్పుడు ఆమ్లగుణం తగ్గిపోతుంది. నీరు తేటపడవచ్చు. లోహం మాత్రం మాయం కాదు. చాలా భాగం సన్నని బురద రేణువులను అంటుకుని వాటితో ప్రయాణం చేస్తుంది. ప్రవాహం నెమ్మదించిన చోట, అంటే కాలువలో, మడిలో, ముఖ్యంగా మడవ దగ్గర, కుదురుకుంటుంది. కనుక పొలంలో మొదట పైరు చచ్చేది మడవ దగ్గరే. నీటిని వడగట్టి పరీక్ష చేస్తే రేణువులతోపాటు లోహమూ వడపోత కాగితం మీదే మిగిలిపోతుంది. నీరు మంచిదేనన్న నివేదిక వస్తుంది.

కొండ, కొలిమి, నది

టోక్యోకు ఉత్తరంగా తోచిగి రాష్ట్రపు కొండల్లో ఉంది ఆషియో. అక్కడ రాగి దొరుకుతుందని 1610 నుంచీ తెలుసు. పాతబడి కుంటుతున్న ఆ గనిని 1877లో ఫురుకావా ఇచిబే అనే వ్యాపారి కొన్నాడు. 1880ల మొదట్లో పెద్ద ఖనిజపు పొరలు బయటపడ్డాయి. 1888లో జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థతో 19,000 టన్నుల రాగిని 29 నెలల్లో సరఫరా చేసే ఒప్పందం కుదిరింది. విద్యుత్తు తీగలకు, ఫిరంగులకు, విదేశీ మారకానికి రాగి కావలసిన రోజులవి. ఆషియో దేశంలోకెల్లా పెద్ద రాగి గని అయింది.

ఆ వేగానికి కొండ మూల్యం చెల్లించింది. గని దూలాలకూ కొలిమి బొగ్గుకూ చెట్లు నరికారు. మిగిలిన చెట్లను కొలిమి నుంచి వచ్చే గంధకపు పొగ మాడ్చింది. కొలిమికి ఎగువనున్న మత్సుకి గ్రామంలో పంటలు, పశువులు నాశనమై, 1902 నాటికి ఊరే ఖాళీ అయింది. చెట్లు పోయిన కొండ మీద మట్టి నిలవలేదు. వాన పడినప్పుడల్లా మట్టీ, రాతిపొడీ, గని వ్యర్థమూ కలిసి వతారసే నదిలోకి దిగాయి. నది అడుగు మేట వేసి పైకి లేచింది. అడుగు లేచిన నది అదే వానకు మునుపటికంటె ఎత్తుగా పొంగుతుంది.

వతారసే రైతులకు వరద కొత్త కాదు. పూర్వం అడవి ఆకుమన్ను కలిసిన ఒండ్రు పొలాల మీద పరుచుకునేది. వరద వచ్చిన మరుసటి ఏడు ఎరువు లేకుండానే పంట పండేది. ఆ నదికి వాళ్లు భయపడలేదు. దానితో కలిసి బతికారు. 1885లో నదిలో చేపలు గుంపులుగా చచ్చి తేలాయి. 1890 ఆగస్టు వరద దిగిపోయాక మిగిలిన ఒండ్రులో పైరు మొలకెత్తలేదు. రైతులు ఆ మట్టిని టోక్యో వ్యవసాయ కళాశాలకు పంపారు. అక్కడి ఆచార్యుడు కోజాయి యోషినావో పరీక్ష చేసి, హానికి కారణం రాగి సమ్మేళనాలేనని రాసి ఇచ్చాడు.

రైతులు దానికి పెట్టుకున్న పేరు 'కోడొకు'. గనివిషం అని అర్థం. రెండక్షరాల ఆ మాటలో విషమూ ఉంది, విషం పుట్టిన చోటూ ఉంది. ఈ చరిత్రలోని పోరాటమంతా ఒక విధంగా ఆ మాటను నిలబెట్టుకోవటానికి జరిగిన పోరాటమే.

పేరు మార్పిడి

1891 డిసెంబరులో ఆ ప్రాంత ప్రతినిధి తనాకా షోజో పార్లమెంటులో ప్రశ్న లేవదీశాడు. ప్రజలకు హాని చేసే గని అనుమతిని రద్దు చేసే అధికారం చట్టంలోనే ఉంది గదా, ఎందుకు వాడరన్నది దాని సారాంశం. జవాబు చెప్పవలసిన వ్యవసాయ వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. ఆయన రెండవ కుమారుడు ఫురుకావాకు దత్తపుత్రుడు. హానికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదన్న సమాధానం వచ్చింది.

తర్వాత రాజీల ఘట్టం. కంపెనీ ఖనిజపు పొడిని పట్టే యంత్రాలు పెడుతుందనీ, రైతులకు కొంత సొమ్ము ఇస్తుందనీ, అందుకు బదులుగా 1896 జూన్ దాకా వాళ్లు ఫిర్యాదు చెయ్యరాదనీ పత్రాలు రాయించారు. గడువు ముగిసిన ఆ ఏడే, సెప్టెంబరులో, మునుపెన్నడూ లేనంత వరద వచ్చింది. గనిబురద టోక్యో పరిసరాల దాకా పరుచుకుంది. పత్రం మీద వేలిముద్రలు వేసిన రైతులకు యంత్రాల సంగతి తేటతెల్లమయింది. 1897 మార్చిలో వేలాదిమంది కాలినడకన రాజధానికి బయలుదేరారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి, మే నెలలో కంపెనీకి 37 అంశాల నివారణ ఉత్తర్వు ఇచ్చింది. తేటపరిచే చెరువులు, వడపోత కుంటలు, పొగలో గంధకాన్ని తగ్గించే గోపురం కట్టించింది. ఆనాటి సాంకేతిక స్థాయిలో ఆ గోపురం పనిచెయ్యలేదు. గని మాత్రం ఆగలేదు.

1900 ఫిబ్రవరి 13న నాలుగవసారి టోక్యోకు నడుస్తున్న రైతులను కవమతా అనే రేవు దగ్గర పోలీసులు చితకబాదారు. 51 మందిపై కేసులు పెట్టారు. ఆ మరుసటి ఏడు తనాకా పార్లమెంటు సభ్యత్వం వదులుకున్నాడు. 1901 డిసెంబరు 10న చక్రవర్తి బండికి అడ్డంగా పరుగెత్తి విన్నపం అందించబోయాడు. పట్టుబడ్డాడు. కాని దేశమంతటా ఆ వార్త మారుమోగింది.

ఆ అలజడి తర్వాత 1902లో రెండవ విచారణ సంఘాన్ని వేశారు. అసలు మలుపు ఇక్కడే ఉంది. పొలాల్లోని రాగిలో ఎక్కువ భాగం 1897 ఉత్తర్వుకు ముందు చేరినదేనని 1903లో ఆ సంఘం తేల్చింది. అంటే నేటి గని నిర్దోషి, నేరం గతానిది. మిగిలింది వరద. వరదను అదుపు చెయ్యాలంటే నది దిగువన నీరు నిలవటానికి పెద్ద పల్లం కావాలి. ఇలా గనివిషం సమస్య వరద నివారణ సమస్యగా మారిపోయింది. ఒక పేరు తీసి ఇంకొక పేరు పెట్టటంతో ముద్దాయి కంపెనీ బోను దిగింది. బోనులో వాన నిలబడింది.

ఆ పల్లం కోసం ఎంచుకున్నది ప్రతిఘటనకు కేంద్రంగా ఉన్న యనాకా గ్రామాన్ని. 1904లో, రష్యాతో యుద్ధం జరుగుతుండగా, కొనుగోలు నిర్ణయమయింది. 1906లో ఆ గ్రామం పేరు పాలనా పటం నుంచి తొలగించారు. కదలమన్న 16 ఇళ్లను 1907 జూన్ చివరి నుంచి జులై మొదటి వారం దాకా బలవంతంగా కూల్చారు. ఆ ఇళ్లవాళ్లు అక్కడే గుడిసెలు వేసుకుని వానలో కూర్చున్నారు. వాళ్లతోపాటు తనాకా కూడా. ఇతర కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు 1911లో ఉత్తరాన హొక్కైడో ద్వీపపు చలినేలకు వలసపోయారు.

జీవితపు చివరి సంవత్సరాల్లో తనాకా చేసిన పని మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆ ముసలివాడు నదుల వెంట ఊరూరా తిరిగాడు. ఏ ఏట నీరు ఎంత ఎత్తు వచ్చిందో రైతులను అడిగి రాసుకున్నాడు. వరద కూడా మనుషులు చేసినదేనని, నరికిన అడవీ మేట వేసిన నదీ దానికి కారణమని నిరూపించాలని ఆయన పట్టుదల. 1913 సెప్టెంబరు 4న మరణించేనాటికి ఆ పని సాగుతూనే ఉంది.

కలం ఏ పక్కన నిలిచింది

చక్రవర్తికి తనాకా ఇచ్చిన విన్నపాన్ని రాసిపెట్టినవాడు కోతోకు షూసూయి. పత్రికా రచయిత, సోషలిస్టు. రాజుకు మొరపెట్టుకోవటంలో ఆయనకు నమ్మకం ఉండే అవకాశం తక్కువ. అయినా రాశాడు. ఆ ముసాయిదాను తనాకా చాలాచోట్ల దిద్ది, దిద్దిన ప్రతిచోటా తన ముద్ర వేశాడు. ఇందులో ఆలోచించవలసిన విషయం ఉంది. శిక్షణ పొందిన రచయిత వాక్యం ఒకటి. నేల ఎరిగినవాడి దిద్దుబాటు ఒకటి. కాగితం మీద రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. పదేళ్లకు, 1911 జనవరిలో, రాజద్రోహం కేసులో కోతోకును ఉరితీశారు.

మత్సుమోతో ఎయికో అనే పత్రికా రచయిత్రి విషం సోకిన ఊళ్లు తిరిగి, ఇంటింటి పరిస్థితినీ 1901-02లో పత్రికలో వరసగా రాసింది. అధికారుల వేధింపు ఆమెకు తప్పలేదు. ఇరవయ్యేళ్ల అరహతా కాన్సన్ యనాకా ఇళ్లు కూలిన ఏడాదే, 1907 ఆగస్టులో, ఆ గ్రామ విధ్వంస చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. ప్రభుత్వం వెంటనే నిషేధించింది. పటం మీద ఊరి పేరు చెరిపినవాళ్లు పుస్తకంలోని పేరును కూడా ఉండనివ్వలేదు.

ఈ రచనలు గొప్ప శిల్పం కోసం వెదికినవి కావు. ఎవరి పొలం, ఎన్ని బస్తాలు, ఏ నెల, ఏ కాలువ అన్న వివరాల మీద నిలబడినవి. వీటి పక్కన నత్సుమె సోసెకి 1908లో రాసిన గని కార్మికుడి నవలను పెట్టి చూడవచ్చు. ఆషియోలో పనిచేసి వచ్చిన ఒక యువకుడు చెప్పిన కథ దానికి ఆధారం. ఆ యువకుని అంతరంగాన్ని ఆ నవల ఎంతో లోతుగా తవ్వింది. ఆ లోతును తక్కువ చెయ్యవలసిన పని లేదు. కాని గని నోటి నుంచి బయటికి వచ్చే నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న దాని ప్రశ్న కాదు. వస్తువును ఎంచుకోవటంలోనే దృక్పథం ఉందనటానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఈ పోరాటపు పరిమితిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1907 ఫిబ్రవరిలో ఆషియో గని కార్మికులు తిరగబడ్డారు. సైన్యం వచ్చి అణచివేసింది. అదే వేసవిలో దిగువన యనాకా కూలింది. గని లోపల కార్మికుని ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిపొడీ, బయట రైతు మడిలో పేరుకున్న పొడీ ఒకే కొండవి. అయినా ఆ రెండు పోరాటాలు ఒకటి కాలేకపోయాయి. గని ఆగితే కార్మికునికి కూడు ఉండదు, నడిస్తే రైతుకు కూడు ఉండదు. ఈ వైరుధ్యాన్ని ఇద్దరి మధ్యా నిలబెట్టి యజమాని పక్కకు తప్పుకున్నాడు.

గతం కాని గతం

లోహానికి కుళ్లిపోవటం లేదు. ఎరువుమందు కొన్నేళ్లకు విరిగిపోవచ్చు, కాడ్మియం విరగదు. 1903 సంఘం గతానిదన్న విషం ఆ తర్వాత కూడా నేలలో పనిచేస్తూనే ఉంది. పైగా కొత్తది చేరింది. 1958 మే 30న ఆషియోలో గెంగోరోజావా అనే చోట ఉన్న గనిబురద గుట్ట తెగి వతారసేలో పడింది. నాటుకు సిద్ధమైన మడుల్లోకి మళ్లీ అదే బురద వచ్చింది. మోరితా ప్రాంతపు రైతులు సంఘం కట్టారు. 1970ల మొదట్లో ఆ ప్రాంతపు బియ్యంలో కాడ్మియం బయటపడింది. 1973లో గని మూతపడింది. 1974లో ప్రభుత్వ మధ్యవర్తి సంఘం ముందు కంపెనీ బాధ్యత ఒప్పుకుని 971 మంది రైతులకు 155 కోట్ల యెన్‌లు చెల్లించటానికి అంగీకరించింది. తనాకా మొదటి ప్రశ్నకూ ఈ అంగీకారానికీ మధ్య 82 ఏళ్లు గడిచాయి.

2011 మార్చి 11 భూకంపంలో గెంగోరోజావా గుట్ట మళ్లీ జారింది. దిగువన నదినీటిలో సీసం ప్రమాణానికి దాదాపు రెండింతలు కనిపించింది. మూతపడిన గని నుంచి కారే నీటికి సున్నం కలిపి ఆమ్లాన్ని విరిచి, లోహాలను బురదగా దించే పని ఈనాటికీ సాగుతూనే ఉంది. యనాకా ఉన్న చోటు 33 చదరపు కిలోమీటర్ల రెల్లుభూమి అయింది. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా 2012లో దానికి గుర్తింపు వచ్చింది. అక్కడ పక్షులను చూడటానికి జనం వస్తారు. రెల్లు మధ్య పాత ఊరి సమాధులున్నాయి.

మనం అడగవలసిన ప్రశ్నలు

తాగేనీటిలో సీసం, ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లిగ్రాము దాటరాదని, కాడ్మియం 0.003 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతుంది. భారత ప్రమాణం కూడా అంతే. ఇంత తక్కువ మోతాదుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. సీసం పసిపిల్లల మెదడును, కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను ఏళ్ల తరబడి నెమ్మదిగా దెబ్బతీస్తాయి. బాధితుడు చూపించటానికి ఒంటి మీద గాయం ఉండదు. కనుక ఇది మాటల్లో నమోదు కావాలి. నమోదు చేసే మాట ఎవరిదన్న దగ్గర రచయిత పని మొదలవుతుంది.

గనికి దిగువనున్న ఊరిని గురించి రాయబోయేవాళ్లు నాలుగు ప్రశ్నలు వెంట తీసుకువెళ్లాలి. పరీక్షకు నీరు ఎప్పుడు తీశారు, తొలకరి రోజునా, నది తేటపడ్డాకా? ఎక్కడ తీశారు, నది నడుమనా, మడవ దగ్గరా? వడగట్టి చూశారా, బురదతో కలిపి చూశారా? సగటు చెబుతున్నారా, గరిష్ఠం చెబుతున్నారా? ఈ నాలుగింటికీ జవాబు లేని అంకె ఎంత అధికారికమైనదైనా అర్ధసత్యమే. అలాగే ఊరివాళ్లు ఆ నీటిని ఏ పేరుతో పిలుస్తున్నారో అడగాలి. ఆ పేరు నివేదికలో ఏ పేరుగా మారిందో పోల్చి చూడాలి. రెండు పేర్ల మధ్య ఉన్న దూరంలోనే కథ ఉంది.

భాష మీద బతికేవాళ్లం మనం. ఒక మాట స్థానంలో ఇంకొక మాట ఎవరు పెట్టారో, దానివల్ల ఎవరు బోను దిగారో కనిపెట్టటం మన వృత్తిధర్మం. యనాకాను ముంచిన పత్రాల్లో 'గనివిషం' అన్న మాటను కొట్టివేసినవాళ్లకు మాట విలువ తెలుసు. ఆ విలువ మనకు వాళ్లకంటె తక్కువ తెలిసి ఉండకూడదు.